గుత్త, పూచీ, దుబాషి: చెన్నపట్నపు కంపెనీ వర్తకులు

ఒక పనినో, ఒక రాబడినో నిర్ణీతమైన మొత్తానికి ఒకరికి ఒప్పగించడాన్ని తెలుగులో ‘గుత్త’ అంటాం. తమిళంలోని కుత్తగై, కన్నడంలోని గుత్తిగె దీనికి సోదర పదాలు. గుత్తకు తీసుకున్నవాడు గుత్తేదారు. ఇదే మాటకు ‘ఆధిపత్యం’ చేర్చి ‘గుత్తాధిపత్యం’ అనే పదం కల్పించుకున్నాం. ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందానికీ, పోటీ లేని పెత్తనానికీ ఒకే మాట ఆధారం కావడం ఆలోచించదగ్గ విషయం. చెన్నపట్నపు తొలి వందేళ్ల చరిత్రలో ఈ రెండు అర్థాల మధ్య దూరం ఎంత తక్కువో కనిపిస్తుంది.

1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడి తీరభూమిని ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాది కోట నిర్మాణం మొదలైంది. కంపెనీ లండనులో వర్తక సంఘమే అయినా, చెన్నపట్నంలో పన్నులు వసూలు చేసి, తగవులు తీర్చి, శిక్షలు వేసే ప్రభుత్వం కూడా. కాబట్టి ఆనాడు కంపెనీతో వ్యాపారమంటే సర్కారు కాంట్రాక్టే.

కంపెనీకి కావలసింది బట్ట. లాంగుక్లాతు వంటి రకాలు నేసేవారు ఊళ్లలో చెదిరి ఉండేవారు. వారి భాష గాని, ధరలు గాని, అప్పుల పద్ధతి గాని ఆంగ్లేయులకు తెలియవు. అందువల్ల కోటలోని గవర్నరూ, కౌన్సిలూ స్థానిక వర్తకులతో ఒప్పందం చేసుకునేవారు. బట్ట రకం, ధర, గడువు ముందే నిర్ణయించి వరహాలు బయానాగా ఇచ్చేవారు. వర్తకుడు ఆ సొమ్మును దళారుల ద్వారా నేతగాళ్లకు పంచేవాడు. వచ్చిన తానులను కోటలో మచ్చుతో సరిపోల్చి, నాసిరకమైతే తిప్పికొట్టేవారు. ఓడల కాలానికి సరుకు అందకపోతే నష్టమంతా వర్తకుడిదే.

ఇటువంటి పనికి భాగస్వామిని ఎలా ఎన్నుకోవాలి? తొలి కంపెనీ వర్తకులలో ప్రసిద్ధుడైన కాశీ వీరన్న జీవితాన్ని చూస్తే కంపెనీ ఏయే గుణాలకు విలువ ఇచ్చిందో తెలుస్తుంది. మొదటిది పరపతి: బయానా అందకముందే సొంత మాట మీద సరుకు తెప్పించగల శక్తి. రెండవది ఊళ్లలో పట్టు. మూడవది ఇరుగుపొరుగు రాజ్యాలతో సంబంధం. వీరన్న గోల్కొండ ప్రభుత్వం దగ్గర శాంథోమును గుత్తకు తీసుకున్నాడు. కోట గోడకు అవతలి పాలకులతో మాట్లాడగలవాడు కంపెనీకి ఎంతో అవసరం. అయితే అదే గుణం కంపెనీకి భయం కూడా. అంత చేతనైనవాడు లేకపోతే పని నడవదు. వాడు అలిగితే పని ఆగిపోతుంది. 1680లో వీరన్న మరణించినప్పుడు కంపెనీ ఫిరంగులు పేల్చి గౌరవించింది. ఆ మర్యాదలో ప్రేమతో పాటు లెక్క కూడా ఉందనుకోవాలి.

ఒక్కరి మీద ఆధారపడే చిక్కును తప్పించుకోవడానికి 1680లలో వర్తకులను ఉమ్మడి మూలధనం గల సంఘంగా చేర్చే పద్ధతిని కంపెనీ ప్రోత్సహించింది. దీని కీలకం ‘పూచీ’. ఒకరు మునిగితే మిగిలినవారు కంపెనీ బాకీ తీర్చాలి. అంటే భాగస్వామి ఎవరో చూసుకునే భారం కంపెనీ నుంచి వర్తకుల మీదికి మారింది. ఎవరి బాకీ తన నెత్తిన పడవచ్చో వారి గుణగణాలను వర్తకుడే ముందుగా విచారించుకోవాలి. అందుకు అతనికి దగ్గరగా ఉన్న ఆధారాలు కులం, బంధుత్వం, ఊరు. ఆ విధంగా కాంట్రాక్టు కులాల పోటీలోకి చొరబడింది.

కుడిచేతి, ఎడమచేతి కులాల తగాదా చెన్నపట్నంలో 1652లోనే రేగింది. 1707లో థామస్ పిట్ గవర్నరుగా ఉండగా మళ్లీ పెద్దదైంది. పైకి చూస్తే అది పెళ్లి ఊరేగింపులు ఏ వీథిలో వెళ్లాలన్న గొడవ. లోపల బట్టల కాంట్రాక్టు ఎవరి చేతిలో ఉండాలన్న పోటీ కూడా ఉంది. కుడిచేతివారు చాలామంది పట్నం విడిచి శాంథోముకు తరలిపోయారు. చివరకు పెద్దనాయకన్‌పేట కుడిచేతివారికి, ముత్యాలపేట ఎడమచేతివారికి అని ఏర్పాటు జరిగింది. ఒక కొనుగోలు ఒప్పందపు నీడ నగరపటం మీద పడిందన్నమాట.

తరువాతి తరంలో కంపెనీ ప్రధాన వర్తకుడు సుంకురామ చెట్టి. ప్రాభవం పోయిన తరువాత అతని తోట కంపెనీ వశమైంది. 1734లో గవర్నరు మార్టన్ పిట్ ఆ తోటలోనే నేతగాళ్లకు పేట కట్టించాడు. అదే చింతాద్రిపేట, చిన్నతరిపేట్టై, అనగా చిన్న మగ్గాల పేట, అని తమిళంలో వ్యుత్పత్తి చెబుతారు. మధ్యవర్తి తోటలో మగ్గాలు పెట్టించడం కంపెనీ ఆలోచన ఎటు పోతున్నదో తెలుపుతుంది.

ఇక్కడ మనం సాధారణంగా మరచిపోయే మూడవ మనిషి నేతగాడు. ఒప్పందంలో అతని సంతకం లేదు. అయినా వర్తకులు అనేకులు ఉన్నంతకాలం అతనికి కొంత స్వేచ్ఛ ఉండేది. నచ్చకపోతే బయానా తిరిగి ఇచ్చి వేరొకరికి నేయవచ్చు. 18వ శతాబ్దం చివరికి కంపెనీ రాజ్యాధికారంతో దళారులను తొలగించి, తన గుమాస్తాలతో నేరుగా నేయించుకోసాగినప్పుడు ఆ స్వేచ్ఛ సన్నగిల్లింది. గుత్త గుత్తాధిపత్యంగా మారడమంటే ఇదే. దుబాషీలను స్వార్థపరులని నిందించడం తేలిక. నిజమే, వారిలో చాలామంది రెండు వైపులా లాభం చూసుకున్నవారే. కాని వారు తొలగిన తరువాత నేతగాడికి మేలు జరగలేదన్నది కూడా నిజమే.

‘దుబాషి’ అంటే రెండు భాషలవాడు. సంస్కృత ‘ద్విభాషి’కి రూపాంతరం. బేరం కుదిర్చేవాడిని భాషను బట్టి పిలవడం గమనార్హం. కంపెనీ అతనిలో కొనుక్కున్న మొదటి సరుకు భాషే. అందుకే కంపెనీ కాగితాలలో ఆ మనుషులు ఇంగ్లీషు చెవికి వినిపించినట్టు కనిపిస్తారు. ‘కాసా వెరోనా’ అన్న పేరు చదివితే ఇటలీ నగరం గుర్తుకు వస్తుంది గాని, మన కాశీ వీరన్న స్ఫురించడు. 1688లో ఏర్పడిన మద్రాసు కార్పొరేషను తొలి ఆల్డర్మన్లలో చిన్న వేంకటాద్రి, ముద్దు వీరన్న ఉన్నారు. వారి పేర్లను కూడా ఇలాగే విడదీసి చదువుకోవాలి.

తెలుగునాడుకు వెలుపల తెలుగు చదువుకుంటున్న మీకు ఇది దగ్గరి పని. ఇంట్లో తెలుగు, వీథిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్నవారే ఆ కాగితాలను సరిగా చదవగలరు. జార్జిటౌనుకు వెళ్లినప్పుడు పూలబజారు దగ్గరి చెన్నకేశవస్వామి ఆలయం చూడండి. మొదటి గుడి ఇప్పటి హైకోర్టు ఆవరణ ప్రాంతంలో ఉండేది. దానితో ముడిపడిన పేరు బేరి తిమ్మన్న. ఆయన కూడా కంపెనీ దుబాషియే. అక్కడి నుంచి చింతాద్రిపేట దాకా నడిస్తే, ఒప్పందం రాసినవారి పేటా, దానికి నేసినవారి పేటా రెండూ చూసినట్టవుతుంది. మొదటివారి పేర్లు కొన్నయినా మనకు మిగిలాయి. రెండవవారి పేర్లను ఇంకా వెతకవలసి ఉంది.