మా ఓటు ఎవరి జాగీరు?

హైటెక్ సిటీ అనే ఊరు ఏ పాత కాగితంలోనూ లేదు. ఉన్నది మాదాపూర్. దాని పక్కన ఖానామెట్, గచ్చిబౌలి, రాయదుర్గం పైగా, మణికొండ జాగీర్, ఇటు మా షేక్‌పేట. పైగా, జాగీర్, ఖాల్సా... రెవెన్యూ రికార్డుల్లో ఈ తోకలు ఇంకా మిగిలే ఉన్నాయి. అద్దాల మేడల్లో కూర్చునే పిల్లలకు వాటి అర్థం తెలియదు. తెలియాల్సిన అవసరం వాళ్లకి రాలేదు. మాకు వచ్చింది.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. పక్కన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. మేం అప్పుడు బి.ఏ. మొదటి ఏడు. ఆ మేడను చూసి మేమూ మురిసిపోయాం, అబద్ధమెందుకు. మా అబ్బా మాత్రం పేపర్లో ఆ ఫొటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన 1983 నుంచి తెలుగుదేశం ఓటరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కూడా సైకిల్ గుర్తుకే వేశాడు. ఎందుకు వేశాడు? యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబే కాబట్టి, బీజేపీ రాకుండా ఆపేది వీళ్లేనని కాబట్టి. ఓట్లు లెక్కపెట్టాక రాష్ట్రంలో తెలుగుదేశానికి 12 లోక్‌సభ సీట్లు, కాంగ్రెస్‌కి 22, బీజేపీకి 4. మార్చి 28న ఢిల్లీలో విశ్వాస తీర్మానం వచ్చింది. వాజ్‌పేయికి 274, ఎదురుగా 261. తెలుగుదేశం సభ్యులు అటు కాక ఇటు వేసి ఉంటే ఆ ప్రభుత్వం నిలిచేది కాదు. బీజేపీని ఆపడానికి వేసిన ఓటు బీజేపీని నిలబెట్టింది. వేసినవాణ్ణి ఎవరూ అడగలేదు.

మేం ఉర్దూ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఉర్దూలోకి వార్తలు మార్చి బతికేవాళ్లం. ఈ ‘విశ్వాసం’ అనే మాట దగ్గర మాకెప్పుడూ చెయ్యి ఆగుతుంది. ఉర్దూలో దానికి రెండు మాటలున్నాయి. ఏతెమాద్ అంటే లెక్క చూసుకుని పెట్టుకునే నమ్మకం, లెక్క తప్పితే వెనక్కి తీసుకునేది. వఫాదారీ అంటే లెక్క చూడనిది, చూడకూడనిది. తెలుగులో రెంటికీ విశ్వాసమే. సభలో ప్రభుత్వానికి అడిగేదీ విశ్వాసమే, వీధిలో కుక్కకి ఉందనేదీ విశ్వాసమే. పార్టీలు మా దగ్గర ఏతెమాద్ అడగలేదు. వఫాదారీ అడిగాయి. మేం ఇచ్చాం.

1999లో తెలుగుదేశం, బీజేపీ కలిసే పోటీ చేశాయి. మాకు తొలి ఓటు. షేక్‌పేట అప్పుడు ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉండేది. తెలుగుదేశం తరఫున సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు, కాంగ్రెస్ నుంచి పి. జనార్దనరెడ్డి. ఇంట్లో రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర గొడవ.

“ఇంటి పెద్ద తప్పు చేశాడని ఇల్లు వదిలేసిపోతామా బేటా?” అన్నాడు అబ్బా.

“అది మన ఇల్లా అబ్బా, కిరాయి ఇల్లా?” అన్నాం మేం.

అబ్బా మళ్లీ సైకిల్‌కే వేశాడు. విజయరామారావు గెలిచారు. రాష్ట్రంలో తెలుగుదేశానికి 180 అసెంబ్లీ సీట్లు, బీజేపీకి 12.

అబ్బాని అమాయకుడనుకోవద్దు. ఆయన కాంగ్రెస్‌ని వదిలింది ఊరికే కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం, ఆమె భర్త చావు. పోలీసులది తప్పేనని జస్టిస్ ముక్తదర్ కమిషన్ చెప్పింది. కేసు కర్ణాటకకు పోయి 1981లో రాయచూరు కోర్టులో పోలీసులందరూ విడుదలయ్యారు. అందుకే రామారావు వచ్చినప్పుడు అబ్బా లాంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 1991లో గుంటూరులో లాల్‌జాన్ బాషా తెలుగుదేశం టికెట్ మీద నిలబడి ఎన్.జి. రంగా అంతటివాణ్ణి ఓడిస్తే మా ఇంట్లో సేమ్యా వండారు. అయితే అబ్బా ఒక సంగతి మర్చిపోయాడు, లేదా మర్చిపోదలచుకున్నాడు. 1984లో హన్మకొండలో పి.వి. నరసింహారావును ఓడించిన బీజేపీ అభ్యర్థి జంగారెడ్డి తెలుగుదేశం స్నేహంతోనే గెలిచాడు. 1998 పొత్తు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

కాంగ్రెస్ సంగతి చెప్పాలా? 1990 చివర్లో నగరం తగలబడింది. చెన్నారెడ్డి దిగిపోయారు. ఆ మంటలో సొంత పార్టీ ముఠాల చెయ్యి ఉందని అప్పుడు ఊరూరా అనుకున్నదే. రెండేళ్లకు 1992 డిసెంబర్ 6. బాబ్రీ మసీదు కూలుతున్నప్పుడు ప్రధాని కుర్చీలో ఉన్నది మన తెలంగాణ బిడ్డ, ఉర్దూ ఫార్సీ వచ్చిన పెద్దమనిషి. 1994లో రాష్ట్రంలో కాంగ్రెస్‌కి మిగిలినవి 26 సీట్లు. అందులో మా కోపం కూడా ఉంది. మా కోపం ఒక్కటే కాదనీ తెలుసు.

2002లో గుజరాత్ తర్వాత తెలుగుదేశం మోదీని దింపాలని తీర్మానం చేసింది. అబ్బా ఆ రోజు తల ఎత్తుకుని తిరిగాడు. ఏప్రిల్ ఆఖర్లో లోక్‌సభలో ఓటింగ్ వచ్చేసరికి పార్టీ దానికి దూరంగా ఉండిపోయింది. మోదీ దిగలేదు, మద్దతూ ఆగలేదు. 2004లో అబ్బా మొదటిసారి చెయ్యి గుర్తుకి వేశాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “నమక్‌హరామీ చేశానేమో బేటా.”

ఎవరి ఉప్పు తిన్నాడు ఈ మనిషి? ప్రైవేటు కొలువు చేసి, కట్టాల్సిన పన్నులు కట్టి బతికినవాడు. పార్టీ ఆయనకి బకాయి పడింది గానీ ఆయన పార్టీకి పడలేదు. మరి ఆ నేరభావం ఎక్కడిది?

1948 సెప్టెంబర్ నాటిది. అప్పుడు అబ్బాకి మూడేళ్లు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన ఘోరాలు నిజం. మా పుస్తకాల్లో వాటిని పలచన చేసి రాయడం మాకు ఇష్టం లేదు. ఆ తర్వాత జిల్లాల్లో మామూలు ముస్లింల మీద జరిగిందీ నిజమే. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలు చీకట్లోనే ఉంది. బతికి బయటపడ్డవాడు నేర్చుకున్న మొదటి పాఠం, మనం వఫాదార్లమని రోజూ చూపించుకోవాలి. దేశానికి చూపించే వఫాదారీ మెల్లగా పాలించే పార్టీకి చూపించే వఫాదారీగా మారిపోయింది. మా దాదా కాంగ్రెస్‌కి చూపించాడు, అబ్బా తెలుగుదేశానికి. పార్టీ మారింది, అలవాటు మారలేదు.

ఇక్కడ మా లౌకిక మిత్రులు అడ్డుపడతారు. లోపల ఉండి పోట్లాడండి, ఓట్లు చీలిస్తే ఎవరికి లాభమో ఆలోచించండి అంటారు. వాళ్ల భయం మా భయమే, కొట్టిపారేయం. కానీ లోపల ఉన్నవాడి మాటకు విలువ ఎప్పుడొస్తుంది? బయటికి పోగలడని తెలిసినప్పుడే కదా. ఎటూ పోడని ఖాయమైన ఓటరుతో ఏ పార్టీ బేరమాడుతుంది?

నమ్మకపోతే మణికొండకు పోదాం. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా కింద 1654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ అని వాదన. 1989 గెజిట్‌లో వక్ఫ్ బోర్డు రాయించుకున్నది ఎకరం పై చిల్లర. మిగతాది గుర్తుకొచ్చి సవరణ వేసేసరికి 2006. ఆ పదిహేడేళ్లలోనే ఐటీ నడవ మొత్తం లేచింది. మా బోర్డు నిద్రకి మేం ఎవర్ని తిట్టాలి? తెలుగుదేశం కాలంలో ఐఎస్‌బీ వచ్చింది. కాంగ్రెస్ కాలంలో లాంకో హిల్స్ ఒప్పందం వచ్చింది. 2007లో మాకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన ప్రభుత్వమే, అది నిజంగా మేలే, ఈ భూమి దగ్గరికొచ్చేసరికి కోర్టులో మాకు ఎదురు నిలబడింది. 2012లో హైకోర్టు వక్ఫ్ వైపు చెప్పింది. తెలంగాణ వచ్చింది. వక్ఫ్ భూములు వెనక్కి తెస్తామని ఉద్యమ వేదికల మీద చెప్పిన పార్టీ గద్దెనెక్కింది. వాదన మాత్రం పాతదే నడిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది. జాగీర్లు రద్దయినప్పుడే భూమి సర్కారు పరమైందన్నది అందులో ముఖ్యమైన మాట. తీర్పు తప్పో ఒప్పో వాదించడానికి మేం వకీళ్లం కాదు. మేం చూసేది ఒక్కటే. మూడు పార్టీల సర్కార్లు మారినా ఆ ఫైలు మీద సర్కారు మాట మారలేదు. మూడింటికీ మేం వఫాదారీగా ఓటేశాం. ఫైలు సంగతి ఓటుకి ముందు ఒక్కసారీ అడగలేదు.

సొంత పార్టీ ఉంది కదా అంటారు. పాతబస్తీలో మజ్లిస్ ఉంది. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ సీటు వాళ్లదే. కష్టం వస్తే వాళ్ల గుమ్మం తొక్కినవాళ్లం మేమూ ఉన్నాం. కానీ అక్కడా అడిగేది వఫాదారీయే. మజ్లిస్ మాత్రం 2012 నవంబర్ దాకా కాంగ్రెస్‌తో, 2014 తర్వాత టీఆర్ఎస్‌తో, ఇప్పుడు మళ్లీ కాంగ్రెస్‌తో స్నేహంగానే ఉంది. నాయకుడు లెక్క చూసుకుంటాడు. కార్యకర్తనీ ఓటరునీ చూసుకోవద్దంటాడు.

2009 నుంచి మా షేక్‌పేట జూబ్లీహిల్స్ నియోజకవర్గం. 2014లో ఇక్కడ మాగంటి గోపీనాథ్ బీజేపీ పొత్తున్న తెలుగుదేశం టికెట్ మీద గెలిచి, తర్వాత టీఆర్ఎస్‌లోకి పోయి, 2018లో, 2023లో మళ్లీ గెలిచారు. 2014లో రెండో స్థానంలో నిలిచిన మజ్లిస్ అభ్యర్థి నవీన్ యాదవ్, 2025 ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు, మజ్లిస్ మద్దతుతోనే. పోలింగ్‌కి పదకొండు రోజుల ముందు, అక్టోబర్ 31న, అజారుద్దీన్ మంత్రి అయ్యారు. 2023 డిసెంబర్ నుంచి అప్పటిదాకా ఆ మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. వీళ్లెవర్నీ మేం తప్పుపట్టడం లేదు. తెలుగుదేశమూ 2018లో బీజేపీని వదిలి 2024లో మళ్లీ కలిసింది. అందరికీ తిరిగే దారి ఉంది. మా అబ్బాకి ఒక్కడికే నమక్‌హరామీ ఎందుకు?

ఆ నవంబర్ 11న అబ్బాని చెయ్యి పట్టుకుని పోలింగ్ బూత్‌కి తీసుకెళ్లాం. ఎనభై ఏళ్లు. దారిలో ఒక పార్టీ కుర్రాడు ఎదురొచ్చి సలాం చేసి, “చాచా, మీ ఓటు మాకే కదా” అన్నాడు.

అబ్బా కర్ర ఆనించి నిలబడ్డాడు. “మణికొండ సంగతి ఏమైంది బేటా?”

కుర్రాడు మా వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. “ఏ సంగతి చాచా, ట్రాఫిక్ సంగతా?”

అబ్బా లోపలికి పోయి వేసి వచ్చాడు. ఎవరికి వేశాడో మేం అడగలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఈసారి ఏమీ అనలేదు, చాయ్ అడిగాడు.