తోడేలు-కుక్క సంకర జంతువును పెంచుకోవచ్చునా? చట్టం చెప్పేది ఏమిటి?

సోలాపూర్ నుండి అక్కల్‌కోట వెళ్ళే మార్గంలో కుంభారి గ్రామం ఉన్నది. 2006లో బీడీ కార్మిక మహిళలకు అందజేసిన గోదూతాయి పరుళేకర్ వసతి, 2024 జనవరిలో ప్రారంభమైన రాయనగర్ ఇళ్ళు ఈ గ్రామ పరిధిలోనివే. మగ్గం, బీడీ ఆధారంగా జీవించే మన తెలుగు కుటుంబాలు ఇక్కడ అనేకం. ఇళ్ళ వరుసలు ముగిసిన చోట పొలాలు, వాటి ఆవల మరాఠీలో ‘మాళరాన్’ అని పిలిచే గడ్డి బీళ్ళు మొదలవుతాయి. సోలాపూర్ జిల్లాలోని ఇటువంటి బీళ్ళే తోడేలుకు నివాసం. నాన్నజ్‌లోని బట్టమేక పిట్టల అభయారణ్యంలో కూడా తోడేళ్ళు ఉన్నాయి.

బీడులో దొరికిన పిల్లను ముచ్చటపడి ఇంటికి తెచ్చుకోవడం, ‘తోడేలు జాతి కుక్క’ అనే మాట నమ్మి ధర చెల్లించడం, ఈ రెండూ కుటుంబాన్ని చిక్కుల్లో పడవేయగలవు. కనుక చట్టం ఏమంటున్నదో తెలుసుకొనుట అవసరం.

తోడేలు విషయంలో చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం తోడేలు మొదటి షెడ్యూలుకు చెందిన జంతువు. అత్యధిక రక్షణ పొందే ప్రాణులు ఈ షెడ్యూలులోనే ఉంటాయి. తోడేలును చంపడమే కాదు, పట్టుకొనడం కూడా చట్టం దృష్టిలో వేటయే. 39వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధంగా పట్టిన లేదా ఉంచుకున్న వన్యమృగం ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దానిని ఉంచుకొనుట, అమ్ముట, ఇతరులకు ఇచ్చుట నేరం.

మొదటి షెడ్యూలు జంతువు విషయంలో నేరం రుజువైతే 3 సంవత్సరాలకు తగ్గని, 7 సంవత్సరాల వరకు పొడిగించదగిన జైలుశిక్ష ఉన్నది. 2022 సవరణ తరువాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

ఇది కేంద్ర చట్టం. పిల్లను విజయపురలోని బంధువులకో, తెలంగాణలోని స్వగ్రామానికో పంపినంత మాత్రాన నేరం తొలగిపోదు.

సంకర జంతువు సంగతి

తోడేలు, కుక్క దగ్గరి బంధువులు. వాటి కలయిక వలన పుట్టిన పిల్లలకు కూడా సంతానం కలుగుతుంది. పుణె సమీపంలోని గడ్డి బీళ్ళలో 2014లో కనిపించిన వింత రంగు జంతువు నిజంగా సంకరమేనని జన్యు పరీక్ష ద్వారా 2023లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. అనగా ఇది మన మహారాష్ట్రలోనే ఎదురైన విషయం.

చట్టం తోడేలును పేరుతో పేర్కొన్నది. సంకర జంతువును విడిగా పేర్కొనలేదు. అయితే దీనిని వెసులుబాటుగా భావించరాదు. బీడులో దొరికిన పిల్ల తోడేలా, సంకరమా, ఊరకుక్కా అన్నది కంటితో చూసి చెప్పడం కష్టం. వన్యమృగం ఒకరి స్వాధీనంలో ఉన్నట్లు విచారణలో తేలితే, ఆ స్వాధీనం అక్రమం కాదని నిరూపించవలసిన భారం 57వ సెక్షన్ ప్రకారం నిందితునిపైనే పడుతుంది. ‘కుక్కపిల్ల అనుకున్నాము’ అనే మాట ఒక్కటే రక్షణ కాజాలదు.

2024 నాటి ఉత్తర్వు

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. 23 రకాల కుక్కల దిగుమతిని, పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించాలని, లైసెన్సులు ఇవ్వరాదని అందులో సూచించింది. ఆ జాబితాలో తోడేలు కుక్కలు కూడా ఉన్నాయి. అదే సంవత్సరం ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. ఈ తీర్పును చూపి వ్యాపారులు ‘ఇప్పుడు అడ్డు లేదు’ అనవచ్చును. ఆ తీర్పు కుక్కల జాతుల గురించిన లేఖకు సంబంధించినది. తోడేలుకు 1972 చట్టం కల్పించిన రక్షణ యథాతథంగా ఉన్నది.

విదేశాలలో

బ్రిటన్‌లో 1976 నాటి ప్రమాదకర వన్యమృగాల చట్టం క్రింద తోడేలు సంకరాలలో మొదటి రెండు తరాల జంతువులకు లైసెన్సు అవసరం. మూడవ తరం నుండి వాటిని కుక్కలుగా పరిగణిస్తారు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క నియమం. అక్కడ సంకర జంతువుల కొరకు ఆమోదం పొందిన రేబీస్ టీకా లేదు.

పిల్ల దొరికితే చేయవలసినవి

1. బీడులో పిల్లలు ఒంటరిగా కనిపించినా తాకరాదు. తల్లి ఆహారం కోసం వెళ్ళి ఉండవచ్చును.

2. ఇప్పటికే ఇంటికి తెచ్చి ఉంటే 48 గంటలలోగా సమీప పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అటవీ అధికారికి గాని తెలియజేయవలెను. 39వ సెక్షన్ విధించిన గడువు ఇదే. మహారాష్ట్ర అటవీ శాఖ సహాయ సంఖ్య 1926.

3. కరచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా వేయించుకోవలెను. పసుపు, సున్నం పూయరాదు.

4. మేకను, గొర్రెను తోడేలు చంపితే కళేబరాన్ని కదపకుండా అటవీ సిబ్బందికి తెలిపి, పంచనామా చేయించి నష్టపరిహారం కోరవలెను. విషం పెట్టుట నేరం.

కుక్కను పెంచుకొనువారికి

కుక్కకు ఏటా రేబీస్ టీకా వేయించి, రసీదు భద్రపరచవలెను. గ్రామ పంచాయతీలో గాని, మహానగరపాలికలో గాని నమోదు నియమాలను అడిగి తెలుసుకోవలెను. పెంపుడు జంతువు వలన ఇతరులకు ప్రమాదం కలుగకుండా జాగ్రత్త వహించని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ క్రింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

కుక్కను రాత్రివేళ బీడులోకి వదలకుండుట, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుట ఉభయులకూ మేలు. దేశంలో మిగిలిన తోడేళ్ళు సుమారు మూడు వేలని అంచనా. మన కుక్కలతో కలిసినకొద్దీ ఆ కొద్దిపాటి జాతి కూడా తన స్వరూపాన్ని కోల్పోతుంది. కుక్కల రోగాలు వాటికి సోకుతాయి. పిల్లలకు ఇంటిలో తోడు కావాలంటే టీకా వేయించిన ఊరకుక్క పిల్ల చాలును. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.