మేతకు ముందు కాటా

పొద్దున ఆరు దాటింది. తిరుపతికి అవతల, మామిడి తోటల మధ్య ఒక సీమ పందుల షెడ్డు. ఇంకా దాణా పడలేదన్న సంగతి గేటు దగ్గరే తెలిసిపోతుంది, లోపల అంత గోల. మందు నీళ్లలో బూట్లు ముంచి లోపలికి రండి.

ఇవి ఇక్కడి వెటర్నరీ యూనివర్సిటీ తయారు చేసిన టీ-17 రకం. మూడొంతులు లార్జ్ వైట్ యార్క్‌షైర్, ఒక వంతు నాటు. మేసిన పందిని తూస్తే కడుపులోని దాణా, నీళ్లు కూడా బరువులో కలిసిపోతాయి. అందుకే 15 రోజులకోసారి, ఇదే వేళకు, మేతకు ముందే తూకం.

రెండు వైపులా తలుపులున్న ఇనుప బోను, దాని కింద కాటా. వెనక చెక్క పలక అడ్డుపెట్టి తోస్తే మొదటిది లోపలికి దూరింది. అంకెలు 43, 46, 44 అని ఊగుతున్నాయి. తొందరపడకండి. అది ముట్టెతో కడ్డీలు వాసన చూసి కుదురుకుంటుంది. 44.6. షెడ్డు నడిపే అన్న చెవి ట్యాగు నంబరు చదవగానే, లెక్కలు రాసే ఆయమ్మ నోటుబుక్కులో ఎక్కించింది. పోయినసారి 37.2. రోజుకు దాదాపు అర కిలో పెరిగింది, పర్వాలేదు.

మూడో గదిలో పదీ కంటికి నున్నగానే ఉన్నాయి. కాటా మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ 15 రోజుల్లో వేసిన దాణా 255 కిలోలు, అన్నీ కలిసి పెరిగింది 51 కిలోలే. కిలో బరువుకు ఐదు కిలోల దాణా! పక్క గదిలో అంతే దాణాకు 75 కిలోలు వచ్చాయి, అంటే కిలోకు 3.4. పందుల పెంపకంలో ఖర్చులో ఎక్కువ భాగం దాణాదే. ఇక్కడ ఎనభై కిలోల దాకా ఎటో పోయింది.

"నట్టలేమో అన్నా, మందు తాపి చాలా రోజులైంది."

"ముందు తొట్టి సూద్దాం రామ్మా."

మీరూ వంగి చూడండి. తొట్టి అంచు ఒక మూల విరిగింది. దాని కింద కాలవలో తడిసిన మొక్కజొన్న నూక, సోయా చెక్క, తవుడు. గుప్పెడు తీస్తే పులిసిన వాసన. తిన్నది కొంత, తొక్కింది కొంత. రోజూ షెడ్డు కడిగే మనిషి ఇది చూడకపోయి ఉండడు. ఎంత పోతోందో లెక్క కట్టినవాళ్లే లేరు.

కాటా కొనలేమనే రైతులకు దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుతో, ఆపైన 69.3తో హెచ్చిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 0.95, పొడవు 0.98 అయితే 61 కిలోలు. కొంచెం అటూ ఇటూ అయినా, ఎప్పుడూ ఒకేలా కొలిస్తే పెరుగుదల పట్టుబడుతుంది.

చివరి గదిలో పెద్దవి. 97, 102, 99. ఈ బరువు దాటాక తిన్నదాంట్లో కండకు పోయేది తగ్గి, కొవ్వుకు పోయేది పెరుగుతుంది. కొవ్వు పట్టాలంటే దాణా ఎక్కువ ఖర్చవుతుంది. ఇంకో నెల ఆపితే మరింత బరువొస్తుందని ఆయమ్మ అంటోంది. అన్న అప్పటికే వ్యాపారికి ఫోన్ కలిపాడు.

"రేపు బండి పంపు. మూడు ఎత్తుకుపో."