కింది ర్యాంకు లెక్క: జైలు గోడల నుంచి ఆదోని సెల్‌ఫోను దాకా

1996లో అమెరికా చెస్ సమాఖ్య రేటింగుల్లో దేశం మొత్తానికి రెండో స్థానంలో ఉన్న మనిషి పేరు క్లాడ్ బ్లడ్‌గుడ్. ఆయన రేటింగు 2702. గ్రాండ్‌మాస్టర్లలో కూడా కొద్దిమందికే అందే అంకె అది. బ్లడ్‌గుడ్ గ్రాండ్‌మాస్టర్ కాదు. తల్లిని చంపిన నేరానికి వర్జీనియా రాష్ట్రంలో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీ. ఏళ్ల తరబడి ఆయన పోటీలన్నీ జైలు లోపలే, తోటి ఖైదీలతోనే సాగాయి. కుమ్మక్కు ఆటలని కొందరు ఆరోపించారు, ఆయన ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా తేలినా అసలు సంగతి మారదు. బయటివాళ్లెవరూ రాని గుంపులో ఒకడు అదే పనిగా గెలుస్తూ పోతే, గెలిచిన ప్రతిసారీ నియమం ప్రకారం రావలసిన కొద్దిపాటి పాయింట్లు వస్తూనే ఉంటాయి. అలా పోగుపడి, జైలు లోపలే ఆడిన మనిషి దేశంలో రెండోవాడయ్యాడు. ఇవాళ ఆదోనిలో ఒక డిగ్రీ కుర్రాడు రాత్రి భోజనమయ్యాక ఫోనులో జట్టు ఆట తెరిచి, బ్రాంజ్‌లోనో సిల్వర్‌లోనో నెలల కొద్దీ ఇరుక్కుపోయి, తప్పంతా జట్టులోని మిగతావాళ్లదేనని మండిపడుతున్నాడంటే అక్కడ పనిచేస్తున్నదీ ఆ లెక్క సంతానమే. ఖైదీని పైకి లేపిందీ, కుర్రాణ్ని కింద ఆపిందీ ఒకే సత్యం: ర్యాంకు మనిషి సత్తా ఒక్కదాన్నే చెప్పదు. ఎవరి మధ్య ఆడాడు, ఎన్ని ఆటలు ఆడాడు అన్న రెండింటినీ కలుపుకున్న అంచనా అది. ఈ సంగతి ఒకప్పుడు ఆడేవాళ్లందరికీ తెలిసేలా ఉండేది. ఇప్పుడు కనపడకుండా పోయింది. కింది ర్యాంకులోని బాధ సగానికి పైగా అక్కడే పుట్టిందని నా వాదన.

ఆటగాళ్లను మెట్ల మీద నిలబెట్టే పని పాతదే. 17వ శతాబ్దంలో జపాన్‌లో హోనింబో దోసాకు గో ఆటగాళ్లకు దాన్ అనే శ్రేణులు స్థిరపరిచాడు. ఇద్దరి మధ్య ఎన్ని మెట్ల తేడా ఉందో తెలిస్తే, బలహీనుడికి ఎంత వెసులుబాటు ఇచ్చి ఆట మొదలుపెట్టాలో తెలిసేది. ఆ తర్వాతి రెండు వందల యాభై ఏళ్లలో మన కథకు పనికొచ్చేది పెద్దగా లేదు. అయితే ఆ తెలివి మన దగ్గరా ఉంది, ఎద్దుల దగ్గర. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల జాతరల్లో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరతో సహా, బండలాగుడు పోటీ అంటే జనం విరగబడతారు. ముందు ఎద్దుల్ని పళ్లను బట్టి విడదీస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. నోరు తెరిచి చూస్తే వయసు తెలిసిపోతుంది. రెండు పళ్ల గిత్తను ఆరు పళ్ల ఎద్దు మీదికి దింపరు. కాడి కట్టాక, ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలిచి మైకులో చెబుతారు. ఎదుటి జత ఎంత గొప్పదైనా, ఎంత నాసిరకమైనా, ఈ జత లాగిన అడుగులు మారవు. కాని ఆ దూరం జతది. దాపలి ఎద్దు ఎంత లాగింది, వలపలి ఎద్దు ఎంత లాగింది అన్నది టేపుకు అందదు. అది తేలాలంటే దాపలిదాన్ని అలాగే ఉంచి, వలపలిదాన్ని మార్చి మార్చి కట్టి చూడాలి. రెండుసార్లు మార్చి తీర్పు చెబితే పొరపాటు పడతాం. ఎన్ని జతలు మారిస్తే తీర్పు అంత గట్టిపడుతుంది. జట్టు ఆటలో ఒక్కడి సత్తా కొలిచే శాస్త్రానికి మూలం ఇదే.

చెస్‌లో ఈ కష్టం లేదు, ఇటు ఒకరే, అటు ఒకరే. అందుకే అంకెల లెక్క అక్కడే మొదట కుదురుకుంది. అది కుదురుకున్న 1950, 60 దశకాలు ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం, కాబట్టి అక్కడ కాసేపు ఆగుతాను. 1950లో అమెరికా సమాఖ్య కెన్నెత్ హార్క్‌నెస్ పద్ధతి తీసుకుంది. ఒక టోర్నమెంటులో మీ ప్రత్యర్థుల సగటు రేటింగు ఎంతో చూస్తారు. సరిగ్గా సగం పాయింట్లు తెచ్చుకుంటే ఆ సగటే మీ అంకె. సగానికి పైన వచ్చిన ఒక్కో శాతానికి పది కలుపుతారు, తగ్గిన ఒక్కో శాతానికి పది తీసేస్తారు. చేతివేళ్ల మీద లెక్కించుకోవచ్చు. కాని చిక్కు చూడండి: 1600 రేటింగు ఉన్నవాడు సగటున 2200 ఉన్నవాళ్ల చేతిలో అన్ని ఆటలూ ఓడిపోతే, యాభై శాతం తగ్గింది గనుక 500 తీసేసి 1700 ఇవ్వాలి. ఒక్క ఆటా గెలవకుండా వంద పాయింట్లు పైకి! ఇలాంటి వంకర్లను సరిచేసే పని మిల్వాకీలోని మార్కెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఆర్పాద్ ఎలో తలకెత్తుకున్నాడు. 1903లో హంగరీ పల్లెలో పుట్టి, పదేళ్ల వయసులో అమెరికా చేరిన మనిషి, విస్కాన్సిన్ రాష్ట్ర చెస్ టైటిల్‌ను ఎనిమిదిసార్లు గెలిచిన ఆటగాడు. జతలు జతలుగా పోల్చి కొలిచే గణితాన్ని అంతకు ముందే 1927లో మనస్తత్వవేత్త థర్‌స్టోన్, 1929లో గణితవేత్త జెర్మెలో వేర్వేరుగా రాసి ఉంచారు. ఎలో దాన్ని క్లబ్బు ఆటగాడికి కూడా అందే పట్టికగా మార్చాడు.

ఎలో పద్ధతిలో రేటింగు అంటే బిరుదు కాదు, జోస్యం. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే పైవాడు వందకు 64 పాయింట్లు తెస్తాడని, 200 తేడా ఉంటే 76 తెస్తాడని ముందే చెబుతుంది. ఆట అయ్యాక జోస్యానికీ ఫలితానికీ ఎంత తేడా వచ్చిందో చూసి, ఆ తేడాను బట్టే అంకెను జరుపుతుంది. బలహీనుణ్ని ఓడిస్తే కొంచెమే వస్తుంది, బలవంతుణ్ని ఓడిస్తే బాగా వస్తుంది. అమెరికా సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో దీన్ని ఆమోదించాయి. 1980 దశకం నడిమి దాకా ఫిడే లెక్కలు ఎలో స్వయంగా కట్టేవాడు. అప్పటికి పట్టికలో ఉన్నది రెండు వేల లోపు ఆటగాళ్లే. ఇంత పని చేసిన మనిషి తన కొలతను ఎంత తగ్గించి చెప్పుకున్నాడో చూస్తే గౌరవం కలుగుతుంది: నీటి మీద పడిలేచే బెండు ఎక్కడుందో గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో కొలవడం వంటిదని అన్నాడు. కొలిచేవాడే కొలత వణుకుతుందని ఒప్పుకోవడం, ఆ లెక్కను ఎవరైనా కాగితం మీద సరిచూసుకునేలా బయట పెట్టడం, ఈ రెండూ ఆ కాలపు ఆస్తులు. తర్వాత వచ్చినవాళ్లు అంకెను తీసుకున్నారు, ఈ రెండింటినీ వదిలేశారు.

ఇక జట్టు ఆట. ఎలో లెక్కను ఐదుగురి మీద ఐదుగురు ఆడే చోటికి తెస్తే ఏమవుతుందో ఒక్కసారి కట్టి చూద్దాం. ఆదోని కుర్రాడు తనతో ఆడుతున్న తొమ్మిదిమంది కన్నా నిజంగానే 200 పాయింట్లు మెరుగనుకుందాం. ముఖాముఖి అయితే వందకు 76 గెలుస్తాడు. కాని ఐదుగురి సగటులో అతని 200 కాస్తా 40 అవుతుంది. 40 తేడాకు వచ్చే గెలుపు వందకు 56. అంటే వంద ఆటల్లో 44 ఓటములు తప్పవు, మిగులు పన్నెండే. పైగా ఇది సగటు లెక్క. ఇలాంటి మెరుగైన ఆటగాళ్లు ఏడుగురు వందేసి ఆటలు ఆడితే, కేవలం కాలం కలిసిరాక వాళ్లలో దాదాపు ఒకరికి సగమో అంతకన్నా తక్కువో గెలుపులే దక్కుతాయి. ఆ ఒక్కడికి తన కథ అన్యాయంగానే కనిపిస్తుంది. 2005 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు హెర్బ్రిచ్, మింకా, గ్రేపెల్ తమ ఎక్స్‌బాక్స్ ఆటల కోసం ట్రూస్కిల్ అనే పద్ధతి తయారుచేశారు. ఒకడి సత్తా తేలడానికి ముఖాముఖిలో పన్నెండు ఆటలు చాలని, నలుగురి మీద నలుగురు ఆడితే 46 కావాలని, ఎనిమిదిమంది మీద ఎనిమిదిమంది అయితే 91 కావాలని ఆ పద్ధతి లెక్క తేల్చింది. జట్టు పెరిగేకొద్దీ మనిషి మరుగున పడతాడు. దాపలి ఎద్దు కథే ఇది.

దీనికి ఆటగాళ్లలోనే వాడుకలో ఉన్న జవాబు ఒకటుంది: నువ్వు మంచి ఆటగాడివైతే నీ జట్టులో పనికిరానివాడు దూరే చోట్లు నాలుగే, ఎదుటి జట్టులో ఐదు, కాబట్టి చివరికి పైకి వస్తావు, ఏడవకు. ఈ మాట నిజమే. కాని చివరికి అన్న మాటలో ఎన్ని రాత్రులు దాగున్నాయో చెప్పకుండా వదిలేస్తే అది సగం నిజం. అరగంటకు ఒక ఆట చొప్పున వంద ఆటలంటే యాభై గంటలు. చదువుకునే పిల్లవాడికి, పగలంతా పనిచేసి వచ్చిన యువకుడికి అది చిన్న మొత్తం కాదు. మధ్యలో సిగ్నలు జారిన ఆటలు, పాత ఫోను వేడెక్కి తడబడిన ఆటలు కూడా ఓటములుగానే లెక్కకెక్కుతాయి.

వణికే కొలతను వణుకుతోందని చెబితే ఆటగాడు సర్దుకుంటాడు. కంపెనీలు చేసింది వేరు. 2009లో వచ్చిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ మొదట్లో ఎలో అంకెనే చూపేది. కింది ర్యాంకుల్లో చిక్కుకోవడానికి ఎలో నరకం అని పేరు వచ్చింది ఆ అంకె నుంచే. 2013లో అంకెను తెర వెనక్కి నెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ పతకాలనే ముందు పెట్టారు. 2019లో బ్రాంజ్ కింద ఐరన్ కూడా చేరింది. 2018లో మన ఫోన్లలోకి వచ్చిన పబ్జీ మొబైల్, 2021 జులైలో దాని చోట వచ్చిన బీజీఎంఐ కూడా అదే బాట: బ్రాంజ్ నుంచి కాంకరర్ దాకా మెట్లు, సీజన్ మారగానే కిందికి దించడం, మళ్లీ ఎక్కమనడం. అక్కడ చివరిదాకా బతికి ఉన్నవాడికీ పాయింట్లుంటాయి గనుక, దాక్కుని కాలం గడిపినా కొంత దూరం పైకి రావచ్చు. కొలత కోసం పుట్టిన అంకె ఇలా హాజరు పట్టీ అయింది. చెస్‌లో అలా కాదు. కోనేరు హంపి 2007లో 2600 దాటిన రెండో మహిళ అయినప్పుడు ఆ అంకె ఆమె సొంతం. ఏ కంపెనీ సీజన్ పేరుతో దాన్ని చెరిపేయలేదు. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2801తో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. ఆ మెట్టు ఎక్కడానికి ఎన్ని ఆటల్లో ఎన్ని పాయింట్లు తెచ్చాడో పత్తికొండ బడిపిల్లవాడు కూడా కూడికలు తీసివేతలతో సరిచూడవచ్చు. ఫోను ఆటలో ఆ హక్కు పోయింది.

లెక్క బయటపెడితే దాన్ని వాడుకుని మోసం చేసేవాళ్లు పుడతారని కంపెనీల తరఫున ఒక అభ్యంతరం ఉంది. బ్లడ్‌గుడ్ ఉదాహరణ వాళ్లకే బలమని కూడా అనవచ్చు. కాని ఆ ఉదాహరణను చివరిదాకా చూడాలి: లెక్క బయట ఉంది కాబట్టే, జైలులోని 2702 ఎలా వచ్చిందో అందరికీ అర్థమైంది, మూసిన గుంపుల మీద చర్చ నడిచింది. దాచిన లెక్కలో తప్పుంటే అది తప్పని కూడా తెలియదు. మరో ఉదాహరణ ఇంకా గట్టిది. కరోనా కాలంలో పోటీలు ఆగాయి. ఇంట్లో కూర్చుని నేర్చుకున్న పిల్లలు పాత తక్కువ రేటింగులతోనే బల్లల ముందుకొచ్చి పెద్దవాళ్ల పాయింట్లు లాగేసుకున్నారు. చెస్ కింది ర్యాంకులు మొత్తంగా అసలు సత్తా కన్నా కిందికి జారాయి. అంటే తమ అంకె తమకన్నా చిన్నదన్న కింది ర్యాంకువాళ్ల ఫిర్యాదు నిజమైంది. ఫిడే దాన్ని ఒప్పుకుని, 2024 మార్చి 1న 2000 లోపు ఉన్న ప్రతివాడికీ 2000కు ఎంత తక్కువో అందులో నలభై శాతం కలిపింది. 1000 ఉన్నవాడు 1400 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700 అయ్యాడు. ఒక్క వాక్యంలో చెప్పగల సూత్రం, ముందే ప్రకటించిన తేదీ. కింది మెట్టు మీద ఉన్నవాడి పట్ల ఒక సంస్థ ఇంతకన్నా మర్యాదగా నడుచుకోలేదు.

ఆటే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకనేవాళ్లకు జవాబు దేశ చట్టమే ఇచ్చింది. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. క్రీడ అన్నాక కొలిచే టేపు అందరి ముందూ ఉండాలి. కాబట్టి ఆ చట్టం కింద నిబంధనలు అమలు చేసేవాళ్లకు ఒక విన్నపం: క్రీడగా గుర్తింపు కోరే ప్రతి జట్టు ఆటా తన ర్యాంకు సూత్రాన్ని అచ్చువేయాలి, పతకం పక్కనే అసలు అంకెనూ, ఆ అంకె ఎంత అటూఇటూగా ఉందో కూడా చూపాలి. అది ఒప్పుకోని ఆటకు క్రీడ హోదా ఇవ్వకండి.