మచ్చలోనే వజ్రం పుట్టుక గుట్టు
వజ్రకరూరు: తొలకరి జల్లులు కురియగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. దొరికిన రాయి స్వచ్ఛంగా ఉంటే మంచి ధర పలుకుతుంది. మబ్బు పట్టినట్లుంటే విలువ పడిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క వేరు. ఆ మబ్బులోనే వజ్రం జన్మవృత్తాంతం దాగి ఉంటుందన్నది వారి మాట.

చెదరని సాక్ష్యం
వజ్రాల్లో అధికభాగం 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున, భూమి మాంటిల్ పొరలో రూపుదిద్దుకున్నవే. కర్బనాన్ని మోసుకొచ్చిన ద్రవాలు అక్కడి శిలలతో చర్య జరిపినప్పుడు వజ్రం పెరుగుతుంది. వేగంగా పెరిగే వజ్రం ఆ ద్రవాన్ని సూక్ష్మ బిందువులుగా తనలో బంధిస్తుంది. వీటిలో అత్యధికం ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ఇవి లెక్కకు మిక్కిలిగా గుమిగూడినందువల్లే రాయి మసకబారుతుంది.

తరువాత కింబర్‌లైట్ అనే శిలాద్రవం వజ్రాన్ని పైకి చేరుస్తుంది. వజ్రకరూరు కింబర్‌లైట్ల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. కాలం ఎంత గడిచినా వజ్రపు కఠినత్వం లోపలి ద్రవాన్ని కాపాడుతుంది.

ఉప్పు చెప్పిన కథ
పరారుణ కిరణాలతో ఈ బిందువుల్లోని నీటిని, కార్బొనేట్లను గుర్తిస్తారు. ఎలక్ట్రాన్ పుంజం, లేజర్ సాయంతో మూలకాలను కొలుస్తారు. ఓడెడ్ నవోన్ బృందం 1988లో వెలువరించిన పరిశోధన ఈ అధ్యయనాలకు బాట వేసింది. కొన్ని ద్రవాల్లో సిలికా, కొన్నింటిలో కార్బొనేట్లు, మరికొన్నింటిలో ఉప్పు అధికంగా ఉన్నట్లు తేలింది.

ఆ ఉప్పు ఎక్కడిది? కెనడాలోని ఎకాటి గనికి చెందిన 11 వజ్రాలను పరీక్షించిన యాకొవ్ వైస్ బృందం 2015లో సమాధానమిచ్చింది. రాక్షసబల్లులు సంచరించిన మీసోజోయిక్ యుగంలో ఒక సముద్రపు ఫలకం ఉత్తర అమెరికా కిందకు జారిపోయింది. సముద్రజలం ఇంకిన ఆ ఫలకమే ఉప్పు ద్రవాలకు మూలమని, అవి పై శిలలతో చర్య జరిపి మిగిలిన రకాలుగా మారాయని వారు వివరించారు. అంటే కడలి ఉప్పు నేల లోతులకు చేరి వజ్రాలకు ఊపిరి పోసిందన్నమాట.

హద్దులూ ఉన్నాయి
ఈ బిందువులు వజ్రం పెరిగిన పరిసరాలను తెలుపుతాయే గానీ, అది ఏ గనిదో తేల్చే ముద్రలు కావు. ఒకే తరహా ద్రవాలు వేర్వేరు ఖండాల వజ్రాల్లోనూ కనిపిస్తాయి. పైగా సానపట్టేటప్పుడు మబ్బు పట్టిన భాగాన్నే ముందుగా తొలగిస్తారు. మెరుపు మిగులుతుంది, సాక్ష్యం పొడిగా రాలిపోతుంది.