బడికి ఎందుకు రాలేదని అడిగే ఉద్యోగం

ఈ వారం ఎపిసోడ్ ఒక ఉద్యోగం గురించి. మనలో చాలామంది ఆ ఉద్యోగిని ఎప్పుడూ చూసి ఉండరు. పని చెప్పడానికి తేలికే: బడి ఈడు పిల్లలు ఎవరెవరున్నారో రాసుకోవడం, రాని పిల్లల ఇంటికి నడిచి వెళ్లడం, "ఎందుకు రాలేదు?" అని అడగడం. ఇంగ్లండులో ఆయన్ని స్కూల్ అటెండెన్స్ ఆఫీసర్ అన్నారు. మన చట్టాల్లోనూ హాజరు అధికారి ఉన్నాడు. ఆడియోలో సమయం చాలక వదిలేసిన సంవత్సరాలు, వివరాలు ఇక్కడ కలిపి రాస్తున్నాను.

కువైట్‌లో కూర్చుని ఈ కథ మనకెందుకు అంటారా? ఒక్క లెక్క చూడండి. కువైట్‌కీ ఇండియాకీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున ఆరున్నర అయితే మన ఊళ్లో తొమ్మిది, బడి గంట కొట్టే వేళ. సరిగ్గా అప్పుడే మన రాయచోటి అన్న కఫీల్ పిల్లల్ని బండిలో స్కూలుకు తీసుకుపోతుంటాడు. రాజోలు అక్క అంతకు ముందే లేచి ఆ పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేసి, టిఫిన్ కట్టి పంపి ఉంటుంది. అంటే ఇక్కడ ఎన్నో ఇళ్ల పిల్లల హాజరు మన చేతుల మీదుగానే నడుస్తోంది. మరి మన పిల్లల హాజరు ఎవరి చేతిలో ఉంది? ఆ జవాబు కోసమే ఈ చరిత్ర.

ఇంగ్లండులో బోర్డు మనిషి

1870లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. ఊరూరా స్కూల్ బోర్డులు పెట్టుకుని బడులు కట్టొచ్చు, కావాలంటే హాజరు తప్పనిసరి చేయొచ్చు అంది. బోర్డులు లేని చోట 1876 చట్టంతో హాజరు కమిటీలు వచ్చాయి. 1880 నుంచి 5 ఏళ్లు నిండి 10 ఏళ్ల లోపు పిల్లలు బడికి పోవడం దేశమంతా తప్పనిసరి అయింది.

చట్టం రాసినంత మాత్రాన పిల్లలు రారు కదా. అందుకే పుస్తకం చంకన పెట్టుకుని పేదల వీధుల్లో తిరిగే మనిషిని పెట్టారు. జనం ఆయన్ని "బోర్డు మనిషి" అనేవాళ్లు. ఆయన వస్తున్నాడంటే కొందరు తల్లులు పిల్లల్ని దాచేసేవాళ్లు. తల్లులు చెడ్డోళ్లు కాదు. పెద్దమ్మాయి ఇంట్లో ఉండి చంటిబిడ్డను చూసుకుంటేనే తల్లి పనికి పోగలిగేది. పిల్లోడు తెచ్చే నాలుగు పెన్నీలతోనే ఆ పూట రొట్టె వచ్చేది. 1870 చట్టం ప్రకారం జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి 5 షిల్లింగులు మించకూడదు. అదైనా కూలి ఇంటికి చిన్న మొత్తం కాదు.

ఇంకో సంగతి. హాజరు తప్పనిసరి అయింది 1880లో. చాలా బడుల్లో ఫీజు పోయింది 1891లో. మధ్యలో 11 ఏళ్లు, బిడ్డ సంపాదన పోగొట్టుకుని పైగా ఫీజు కూడా కట్టమన్నారు. "ఎందుకు రాలేదు" అని అడగడం సులభం, రావడానికి దారి చేయడం కష్టం. ఈ తేడా ప్రతి దేశంలోనూ మళ్లీ మళ్లీ కనపడుతుంది.

కువైట్‌లో: ముత్యాల పడవ నుంచి బడికి

మనం ఉంటున్న ఈ కువైట్ కూడా ఒకప్పుడు పిల్లలు పనికి పోయిన నేలే. నూనె రాకముందు ఇక్కడి బతుకు ముత్యాల మీద. ఎండాకాలంలో దాదాపు నాలుగు నెలలు పడవలు సముద్రంలోనే ఉండేవి. వాటి మీద "తబ్బాబ్" అనే చిన్న పిల్లలు చాకిరీ చేస్తూ పని నేర్చుకునేవాళ్లు. మునిగి ముత్యాలు తీసేవాళ్లు అడ్వాన్సులు తీసుకుని నౌఖదాకు, అంటే పడవ పెద్దకు, అప్పుపడేవాళ్లు. తండ్రి తీర్చలేని అప్పు కొడుకు మీద పడేది. వడ్డీకి తెచ్చి వీసా కట్టిన మనోళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు.

1911లో ముబారకియా బడి మొదలైంది, వర్తకుల చందాలతో. లెక్కలు రాయడానికి, ఉత్తరాలు నడపడానికి చదువుకున్నవాళ్లు వ్యాపారానికి కావలసి వచ్చారు. 1936లో విద్యా మండలి ఏర్పడింది, ఆ ఏడాదే పాలస్తీనా నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. 1946లో నూనె ఎగుమతి మొదలైంది, డబ్బు వచ్చింది. 1965లో నిర్బంధ విద్యా చట్టం చేశారు: ప్రాథమిక దశ నుంచి ముతవస్సిత దాకా చదువు తప్పనిసరి, ఉచితం. బాధ్యత తండ్రిది లేదా సంరక్షకుడిది.

అయితే ఆ చట్టం రాసింది కువైటీ పిల్లల కోసం. వలస వచ్చినవాళ్ల పిల్లల సంగతి వేరు. 1967 యుద్ధం తర్వాత పాలస్తీనా కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు, వాళ్ల సంస్థ పీఎల్‌ఓ సొంతంగా బడులు నడిపింది. ప్రభుత్వ బడి భవనాల్లోనే, మామూలు తరగతులు అయిపోయాక మధ్యాహ్నం పూట. 1976 దాకా అవి నడిచాయి. వలస బిడ్డ చదువు కావాలంటే వలస వచ్చినవాళ్లే చూసుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లలో కుటుంబం పెట్టుకోగలిగినవాళ్లు పిల్లల్ని ఫీజు కట్టి ఇండియన్ స్కూళ్లలో చదివిస్తున్నారు. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాకు కనీస జీతం 800 దినార్లు అన్నారు. మనలో ఎంతమందికి ఆ జీతం ఉంది? 20వ నంబరు ఇంటిపని వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా కుటుంబాన్ని తెచ్చుకోలేరు. కాబట్టి మన పిల్లల్లో ఎక్కువమంది హాజరు కథ ఊళ్లోనే నడుస్తుంది. ఇక అక్కడికి పోదాం.

మన దగ్గర: చట్టం ఉంది, మనిషి లేడు

ఇండియాలో ఈ పని మొదట చేసి చూపింది బరోడా రాజు మూడో శాయాజీరావు. 1893లో అమ్రేలీ ప్రాంతంలో మొదలుపెట్టి, 1906లో సంస్థానమంతా చదువు తప్పనిసరి చేశాడు. అది చూపించి గోఖలే 1911లో బ్రిటిష్ ఇండియా శాసనమండలిలో బిల్లు పెట్టాడు. అందులో హాజరు కమిటీలు కూడా ఉన్నాయి. నెలకు 10 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదన్నాడు. ఇంగ్లండు చేసిన తప్పు ఆయనకు తెలుసు. ప్రభుత్వం ఖర్చు ఎక్కువంది. భూస్వాములకు పొలం పనికి పిల్లలు దొరకరన్న భయం. 1912 మార్చిలో ఓటింగు పెడితే 13 మంది అవునన్నారు, 38 మంది కాదన్నారు.

తర్వాత 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు కావాలనుకుంటే తమ ప్రాంతంలో చదువు తప్పనిసరి చేసుకోవచ్చు అంది. "కావాలనుకుంటే" అన్న చోటే బండి ఆగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం పదేళ్లలో 14 ఏళ్ల దాకా అందరికీ ఉచిత, నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని చెప్పింది. 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా చట్టం చేశారు, 1982లో ఇంకో పెద్ద విద్యా చట్టం. హాజరు అధికారులు, తల్లిదండ్రులకు ఇచ్చే హాజరు ఉత్తర్వు, వినకపోతే జరిమానా, అన్నీ కాగితం మీదికి వచ్చాయి.

మరి ఆయన మన వీధికి ఎప్పుడైనా వచ్చాడా? చాలా ఊళ్లలో ఆ పని పంతులుగారి నెత్తినే పడింది. జూన్‌లో ఆయన ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునేవాడు. ఆగస్టు నాటికి సగం పేర్లు రిజిస్టరులో ఉండేవి, పిల్లలు బర్రెల వెంట ఉండేవాళ్లు. జీతానికి కుదిరిన పిల్లోడి కోసం పంతులు ఆసామి ఇంటికి పోయి అడగగలడా? 1991 జనాభా లెక్కల్లో పని చేసే పిల్లల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిది: సుమారు 16.6 లక్షల మంది. మార్కాపురంలో పలకలు తయారుచేసే పనిలో పిల్లలుండేవాళ్లు. ఊళ్లన్నిటికీ పలకలు పంపిన ఆ చేతులు పలక మీద అక్షరం దిద్దలేదు. ఆ తరం పిల్లల్లో కొందరు పెద్దయ్యాక గల్ఫ్ విమానం ఎక్కారు. కాంట్రాక్టు చదవకుండా వేలిముద్ర వేసినవాళ్లు మన రూముల్లో ఇప్పటికీ ఉన్నారు.

మార్పు తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రంగారెడ్డి జిల్లా యువకుల్ని. 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా గారి నాయకత్వంలో, ఒక మాట పట్టుకుంది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఊరి కుర్రాళ్లే బడి మానేసిన పిల్లల ఇళ్లకు పోయారు, పనిలో పెట్టుకున్న ఆసాములతోనూ మాట్లాడారు. చదువులో వెనకబడ్డ పిల్లలకు శిబిరాలు పెట్టి, వాళ్ల ఈడుకు తగ్గ తరగతిలో చేర్చారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. నా దృష్టిలో మన నేల మీద నిజమైన హాజరు అధికారులు ఆ కుర్రాళ్లే. చేతిలో ఉత్తర్వు లేదు, జరిమానా లేదు, కానీ పిల్లోడి పేరు తెలుసు.

జరిమానా నుంచి బహుమతికి

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది. 2002లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడ లెక్క తిరగబడింది. పాత చట్టాలు తండ్రిని పట్టుకున్నాయి. కొత్త చట్టం పిల్లల చేరిక, హాజరు, చదువు పూర్తి చేయించడం ప్రభుత్వం, స్థానిక సంస్థల బాధ్యత అంది. తల్లిదండ్రులకు బాధ్యత ఉంది, జరిమానా లేదు.

ఆంధ్రలో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు అనే పోస్టు ఉంది. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది: 75 శాతం హాజరు షరతు, తల్లి లేదా సంరక్షకుల ఖాతాకు ఏడాదికి 15,000 రూపాయలు. ఇప్పుడు తల్లికి వందనం. ఇంగ్లండులో 5 షిల్లింగులు లాక్కున్న చోట, ఇక్కడ డబ్బు ఇచ్చి రమ్మంటున్నారు. మంచిదే. కానీ డబ్బు పడిందో లేదో చూసేవాళ్లు ఉన్నారు, పిల్లోడు నిన్న ఎందుకు రాలేదో అడిగేవాళ్లు తక్కువ. నాయనమ్మకు మోకాళ్ల నొప్పి, ఫోన్ వాడటం రాదు. బాబాయికి తన పనులు. టీచరు ఫోన్ చేస్తే రిజిస్టరులో ఉన్నది మీరు ఊళ్లో వదిలేసిన పాత సిమ్ నంబరు.

అందుకే చట్టంలోంచి మనకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాను. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా, బడి చేర్చుకోను అనకూడదు. టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. మధ్యలో మానేసిన బిడ్డను ఈడుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోపు బడి నుంచి తీసేయకూడదు. రెండు మూడు నెలలు పోలేదు, ఇక చేర్చుకోరు అని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మొద్దు.

చేయాల్సినవి కూడా పెద్ద పనులు కావు. క్లాసు టీచరు పేరు, నంబరు తెలుసుకోండి. రిజిస్టరులో పనిచేసే నంబరు రాయించండి, వీలైతే మీ వాట్సాప్ నంబరు కూడా ఇవ్వండి. సెలవు మీద పోయినప్పుడు ఒక పూట బడికి పోయి కూర్చోండి, పిల్లోడికి అది గుర్తుండిపోతుంది. రాత్రి ఫోన్‌లో "బాగా చదువుకుంటున్నావా" అని అడిగితే "ఆ" అంటాడు. "ఈ రోజు ఏం పాఠం చెప్పారు" అని అడగండి, పోయాడో లేదో తెలిసిపోతుంది.

నూటయాభై ఏళ్లలో ఆ ఉద్యోగానికి పేర్లు, పద్ధతులు చాలా మారాయి. ప్రశ్న మాత్రం అదే. మన ఇళ్లలో ఆ ప్రశ్న అడిగే మనిషి కువైట్‌లో ఉన్నా, ఫోన్ ఉంది. రేపు పొద్దున ఆరున్నరకు కఫీల్ పిల్లలు దిగాక ఒక్క నిమిషం ఇంటికి చేయండి, అక్కడ అప్పుడే గంట కొడుతుంటారు.