సైకిలు లేని బ్యాలెట్టు

నంద్యాల పేరెత్తితే క్విజ్ పుస్తకాల్లో కనిపించేది ఒకటే అంకె: 5,80,297. 1991 నవంబరు ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుకి వచ్చిన మెజారిటీ. గిన్నిస్ బుక్ దాకా పోయింది. చిన్నప్పుడు నేనూ దాన్ని గర్వంగానే బట్టీ పట్టాను. మా జేజినాయన మాత్రం వింటే నవ్వేవాడు. పార్టీ పుట్టిననాటి నుంచీ ఆయన సైకిలు మనిషి. "ఆ పొద్దు కాగితం మీద సైకిలే లేదు కదరా అబ్బీ, యాడ గుద్దాల?"

నిజమే, లేదు. జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి పీవీ ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆరు నెలల్లో గెలిచి రావాలి. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశాడు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. పీవీకి 6,26,241 ఓట్లు, బీజేపీ తరఫున నిలబడిన బంగారు లక్ష్మణ్‌కి 45,944.

ఫ్రాన్సులో రెండో రౌండు ఉంటుంది. తన మనిషి మొదటి రౌండులోనే పోతే ఓటరు మిగిలిన ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. మనకు ఆ పద్ధతి లేదు గానీ, పార్టీ తప్పుకున్న ఉప ఎన్నికలో మన ఓటరుకీ అదే గతి. ఎన్టీఆర్ పెద్దమనసు గురించి చాలామంది రాశారు. ఆ పెద్దమనసుకి తన ఓటు ఇచ్చుకోవాల్సి వచ్చినవాణ్ణి ఎవరూ అడగలేదు.

1996లో సైకిలు తిరిగొచ్చింది. భూమా నాగిరెడ్డి మీద పీవీ గెలిచాడు, కానీ మెజారిటీ లక్షలోపే. ఆయన బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలేస్తే, ఆ ఉప ఎన్నికలో భూమాయే గెలిచాడు. ఐదు లక్షల ఎనభై వేలు ఏమైపోయాయని అడగడం అనవసరం. అందులో అరువు ఓట్లు ఎన్నో.

కడప 2011 కథ వేరు. అంకె దాదాపు అంతే, 5,45,672. కానీ అక్కడ ఎవరూ తప్పుకోలేదు. కాంగ్రెస్ తరఫున మంత్రి డి.ఎల్. రవీంద్రారెడ్డి, తెలుగుదేశం తరఫున మైసూరారెడ్డి దిగారు. ఇద్దరికీ డిపాజిట్లు పోయాయి. రెండేళ్ల కింద అదే జగన్‌కి చెయ్యి గుర్తు మీద వచ్చింది సుమారు లక్షా 78 వేల మెజారిటీ. చెయ్యి పోయి ఫ్యాను వచ్చినా ఓటరు తడబడలేదు. అంటే వాళ్ల విధేయత గుర్తుకి కాదు, ఇంటిపేరుకి. నాకది మెచ్చుకోదగ్గ సంగతిగా తోచదు, కానీ ఆ మెజారిటీ అరువు సొమ్ము కాదు.

2021లో బద్వేలు మళ్లీ నంద్యాల దారి పట్టింది. చనిపోయిన ఎమ్మెల్యే భార్య దాసరి సుధ నిలబడితే తెలుగుదేశం, జనసేన పోటీ చేయలేదు. మెజారిటీ 44,734 నుంచి 90,533కి ఎగబాకింది. పోలింగు శాతం మాత్రం 2019 కంటే తగ్గింది. తక్కువమంది వచ్చారు, గెలుపు రెట్టింపైంది!

జేజినాయన 1991లో ఇంట్లో కూర్చోలేదు. పోయి వేసొచ్చాడు. ఎవరికో చచ్చేదాకా చెప్పలేదు. మొన్న జేజిని అడిగాను.

"ఆయప్ప యాడ గుద్దెనో నాకేం తెలుసు నాయనా. నేనైతే చేతికే గుద్దినా. ఇంట్లో చెప్పలే."